భయపడేవాడికే టికెట్ గిట్టుబాటు

మా ఇంట్లో ట్యూబ్‌లైట్ పోతే మూడు రోజులు చీకటే. స్టూలు ఎక్కాల్సింది నేను కాబట్టి. ఎత్తంటే గుండె జారేవాణ్ణి లోకం పిరికివాడని తీసిపారేస్తుంది. ఇది అన్యాయం. పర్యాటక రంగాన్ని నిలబెడుతున్నదే మేము, కాళ్లు వణికే జాతి.

చైనాలో జాంగ్‌జియాజియే లోయ మీద 2016లో గాజు వంతెన తెరిచారు. 430 మీటర్ల పొడవు, కింద సుమారు 300 మీటర్ల ఖాళీ. తెరవకముందే జనాన్ని పిలిచి, చేతికి సమ్మెటలిచ్చి, గాజును కొట్టి చూడండన్నారు. పగుళ్లిచ్చిన పలకల మీద మనుషులతో సహా కారు నడిపించారు. ఏమీ కాలేదు. గాజును పొరలు పొరలుగా అతికిస్తారు. పైది చిట్లినా జిగురు పొర ముక్కల్ని వదలదు, కిందివి బరువు మోస్తాయి. లెక్కప్రకారం అది మా వీధి డ్రైనేజీ మూత కన్నా భద్రం. ఆ మూత మీంచి మాత్రం నేను రోజూ ఈల వేసుకుంటూ వెళ్తాను.

ఇదేం వింత అంటారేమో. 1960లో గిబ్సన్, వాక్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు పాకే పిల్లల్ని ఓ గాజు పలక అంచున కూర్చోబెట్టారు. కింద లోతు కనబడుతుంటే, అవతల అమ్మ పిలుస్తున్నా చాలామంది కదల్లేదు. నాది ఆ పసివాళ్ల వివేకమే. పెద్దయ్యాక పాడైపోలేదు, అంతే.

ఇంత గట్టిగా కట్టాక యజమానులకు కొత్త బెంగ పట్టుకుంది. గట్టిదని తెలిస్తే భయమెలా వేస్తుంది? భయం లేకపోతే టికెట్ ఎవరు కొంటారు? చైనాలోనే హెబే రాష్ట్రంలోని తూర్పు తైహాంగ్ కొండల మీద దీనికి మందు కనిపెట్టారు. అడుగు పడగానే గాజు పగిలినట్టు కనబడే ఏర్పాటు! 2017లో ఓ గైడ్ దాని మీద కూలబడి పాకుతున్న వీడియో లోకమంతా తిరిగింది. నిర్వాహకులు క్షమాపణ చెప్పుకున్నారు. పగలని గాజు చేయడానికో ఇంజినీరు, అది పగిలినట్టు చూపించడానికి ఇంకొకరు. ఇద్దరి జీతాలూ మా మోకాళ్లలోంచే.

షికాగోలో ఆ ఖర్చు కూడా పడలేదు. విల్లిస్ టవర్ 103వ అంతస్తులో, 2014లో, జనం నిలబడి ఉండగానే గాజు గది అడుగు నిజంగా చిట్లింది. పోయింది పైపూతేనని, గాజుకేమీ కాలేదని చెప్పారు. నిజమే. కానీ 412 మీటర్ల ఎత్తున ఆ తేడా మోకాళ్లకు ఎవరు నచ్చజెప్పాలి?

కాబట్టి నా డిమాండు ఒక్కటే. వంతెన మీద చిప్స్ తింటూ ఫోన్లో స్థలాల రేట్లు మాట్లాడుకునేవాళ్లకు టికెట్ డబ్బులు వాపసు ఇవ్వాలి. పాపం, వాళ్లకేం దక్కిందని?

ఇప్పుడు విశాఖ కైలాసగిరి మీద కూడా గాజు వంతెన వచ్చేసింది. వీసా లేదనే నా సాకు అలా పోయింది. వచ్చే ఆదివారం వెళ్దామండీ అంటోంది మా ఆవిడ.

ఆ రోజు కుదరదన్నాను. ట్యూబ్‌లైట్ మార్చాలి.