డిస్కౌంట్ రేటు గారికి ట్రైనీ విన్నపం

మహారాజశ్రీ డిస్కౌంట్ రేటు గారి దివ్యసముఖమునకు,

లండన్ నుంచి ఒక ట్రైనీ యాక్చువరీ, అనగా ఆయుష్షుల, పింఛన్ల, బీమాల లెక్కలు కట్టడం నేర్చుకుంటున్న ఉద్యోగి, నమస్కరించి రాయు విన్నపము. రేపు ఇవ్వాల్సిన సొమ్ముకు ఇవాళ్టి విలువ కట్టడానికి ఏటా ఇంత శాతమని కోసే రేటు తమరేనని లోకానికి ముందే మనవి. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమమే. తమరి క్షేమ సమాచారం మాత్రం బ్రిటన్ ఆర్థికశాఖ వారు చెబితే తప్ప మా అంతస్తుకు చేరదు. 2023 మార్చిలో అలాంటి కబురు ఒకటి వచ్చింది. అంతవరకూ ధరల పెరుగుదల మీద 2.4 శాతంగా ఉన్న తమరు 1.7కు చిక్కిపోయారని. తమరు చిక్కితే ప్రభుత్వ బాకీ ఒళ్ళు చేస్తుందన్నది ఈ కొలువులో నేను నేర్చుకున్న మొదటి సూత్రం.

ఈ దేశంలో ప్రభుత్వానికి సొంత యాక్చువరీ విభాగం 1919 నుంచీ ఉంది. గణితంలో డిగ్రీ పుచ్చుకున్న నాలాంటివాళ్ళకు అక్కడ అప్పగించే పని వినడానికి గంభీరంగానే ఉంటుంది. నర్సులకూ, టీచర్లకూ, పోలీసులకూ, సైనికులకూ ముందుముందు చెల్లించాల్సిన పింఛన్ల విలువ ఇవాళ ఎంతో కట్టి చెప్పాలి. అందుకోసం ఎవరు ఏ వయసులో రిటైరవుతారో, ఎవరు పింఛనులో కొంత వదులుకుని ఒకేసారి సొమ్ము తీసుకుంటారో, ఎవరు భార్యనో భర్తనో వెనక వదిలి వెళతారో, ఒక్కొక్కటీ అంచనా వేస్తాం. అరవై అయిదేళ్ళ ఆవిడ ఇంకా ఎన్నేళ్ళు బతుకుతుందన్నదాని మీద దశాంశ స్థానాల దాకా వాదించుకుంటాం. ఒకరు కట్టిన లెక్కను ఇంకొకరు సరిచూస్తారు, దాన్ని మూడోవారు మళ్ళీ చూస్తారు. ఇంతా అయ్యాక తమరు వేంచేస్తారు. రాగానే మా దశాంశాలన్నీ లేచి నిలబడి, గోడవారగా సర్దుకుని, తమకు దారి ఇస్తాయి.

తమరి మహిమ తెలియనివారి కోసం ఒక చిన్న లెక్క. నలభై ఏళ్ళ తరవాత ఒక నర్సుకు ఇవ్వాల్సిన 100 పౌండ్లకు ఈనాటి విలువ ఎంత? ధరల పెరుగుదలను పక్కన పెడితే, తమరు 3 శాతంగా ఉన్నప్పుడు సుమారు 31 పౌండ్లు. 2.4 అయ్యాక 39. 1.7 అయ్యాక 51. ఈ మార్పుల్లో దేనివల్లా ఆ నర్సు ఆయుష్షు ఒక్కరోజు పెరగలేదు. ఆమెకు ఇస్తామన్న పింఛను ఒక్క పెన్నీ పెరగలేదు. ఆమె రాత్రి డ్యూటీలో సెలైన్ సీసా మారుస్తూ ఉండగానే దేశానికి మరింత భారమైపోయింది. మర్నాడు వార్తల్లో చూసుకుని ఆమే ఆశ్చర్యపోయి ఉండాలి.

ఖమ్మంలో మా నాన్నగారు నోటు మీద అప్పులు ఇచ్చీ పుచ్చుకునీ ఆరితేరిన మనిషి. ఒకనాడు ఫోనులో, "మీ సర్కారు లెక్కలో వడ్డీ ఎంతరా?" అని అడిగారు. ఒకటి పాయింట్ ఏడు అన్నాను. "నూటికి రూపాయి డెబ్భై పైసలా? ధర్మమైన వడ్డీ" అని మెచ్చుకున్నారు. నెలకు కాదు నాన్నా, సంవత్సరానికి, అదీ ధరల పెరుగుదల పోను, అన్నాను. కాసేపు మాట లేదు. తరవాత, "సరే, అసలు ఎక్కడ పెట్టారు?" అన్నారు.

"అసలు లేదు" అన్నాను.

ఆ తరవాత ఆయన నా ఉద్యోగం గురించి బంధువుల దగ్గర చెప్పడం తగ్గించారని అమ్మ చెప్పింది. కానీ నేను అబద్ధం ఆడలేదు కదా. ఇక్కడ స్థానిక సంస్థల ఉద్యోగుల పింఛనుకు నిజమైన నిధి ఉంది. టీచర్లకూ, ఆరోగ్య సిబ్బందికీ, పోలీసులకూ, సివిల్ సర్వీసుకూ లేదు. ఈ ఏడాది వసూలైన చందాలతో ఈ ఏడాది పింఛన్లు ఇస్తారు, చాలకపోతే ఖజానా నింపుతుంది, మిగిలితే ఖజానాకే పోతుంది. అంటే తమరు లేని నిధికి రాబడి రేటు. దేశ ఆర్థికవ్యవస్థ దీర్ఘకాలంలో ఎంత పెరగవచ్చునో అంచనా వేసి, దాన్నిబట్టి తమకు పట్టాభిషేకం చేస్తారు. ఈ పద్ధతిలో తప్పుందని నేను అనను. రేపటి పన్నులతో కట్టే బాకీని రేపటి ఆదాయంతో కొలవడం సబబే. తమరిని అందరూ ప్రకృతి నియమంగా భావించి తలవంచడమే నాకు మింగుడుపడదు.

తమరి లీలల్లో అన్నింటికన్నా రక్తి కట్టేది బడుల కథ. తమరు చిక్కారు గనుక టీచర్ల పింఛనుకు యాజమాన్యాలు కట్టే వాటా పెరగాలి. 2019లో అది జీతంలో 16.4 శాతం నుంచి 23.6కు, 2024 ఏప్రిల్‌లో 28.6కు ఎక్కింది. బడులు గొల్లుమన్నాయి. ప్రభుత్వ బడులకు ప్రభుత్వమే అదనపు సొమ్ము ఇచ్చింది. బడులు ఆ సొమ్మును పింఛను పథకానికి కట్టాయి. పథకానికి నిధి లేదని ఇప్పుడే మనవి చేసుకున్నాను కనుక ఆ సొమ్ము ఎక్కడికి చేరిందో తమకు నేను చెప్పాలా? ఖజానా ఎడమచేత్తో ఇచ్చింది, కుడిచేత్తో పుచ్చుకుంది, మధ్యలో ఎందరో గుమాస్తాలు ఫారాలు నింపారు. ఆ సాయం అందని ప్రైవేటు బడులు కొన్ని తమకో దండం పెట్టి పథకం నుంచే తప్పుకున్నాయి. నష్టం ఎవరికైనా నిజంగా తగిలిందంటే అది ఆ బడుల్లోని టీచర్లకే.

తమరి తోబుట్టువుల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ప్రమాదాల్లో గాయపడి ఇక పని చేయలేనివారికి కోర్టులు ఇప్పించే పరిహారం లెక్కలో కూర్చునే తమ్ముడుగారు 2001 నుంచి 2.5 శాతం దగ్గర కదలకుండా నిద్రపోయారు. ప్రపంచంలో వడ్డీలు పాతాళానికి జారినా ఆయనకు మెలకువ రాలేదు. 2017 మార్చిలో ఒక్కసారి ఉలిక్కిపడి లేచి సున్నా కిందికి, మైనస్ 0.75కు దూకారు. ఒక మనిషికి ఏటా 10,000 పౌండ్ల చొప్పున యాభై ఏళ్ళు సేవలు కావాలనుకోండి. ఆయుష్షు సంగతి వదిలేసి కట్టినా, పాత రేటు ప్రకారం ఇవాళ ఇవ్వాల్సింది సుమారు 2.84 లక్షల పౌండ్లు, కొత్త రేటు ప్రకారం 6.09 లక్షలు. చక్రాల కుర్చీ అదే, మనిషి అతడే. ముందురోజు రాజీ పడినవాడికి ఒక జీవితం, మర్నాటిదాకా ఆగినవాడికి ఇంకో జీవితం. బీమా కంపెనీలు పెట్టిన శోకాలు ఇన్నీ అన్నీ కావు. 2019లో తమ్ముడుగారు మైనస్ 0.25కు ఎక్కారు, 2025 జనవరిలో 0.5కు.

ఇది ఇంగ్లండు, వేల్స్ మాట. స్కాట్లాండుకూ, ఉత్తర ఐర్లండుకూ రేటును వేరువేరుగా నిర్ణయిస్తారు. 2021 వేసవిలో అదే గాయానికి లండన్‌లో మైనస్ 0.25, ఎడిన్‌బరోలో మైనస్ 0.75, బెల్‌ఫాస్ట్‌లో మైనస్ 1.75. కారు గుద్దుకునే ముందు డ్రైవరు సరిహద్దు చూసుకోవాల్సిన పరిస్థితి. ఇక వంతెనలూ, రైలు మార్గాలూ కట్టాలా వద్దా అని తేల్చే పెద్దన్నగారు 2003లో 3.5 శాతం పీఠం ఎక్కారు. ఆయనకు కూడా ధరల పెరుగుదల పోనే లెక్క. వంతెన తెచ్చే మేలును 3.5తో కోస్తారు, ఆ వంతెన మీదుగా బడికి వెళ్ళే టీచరు పింఛనును 1.7తో కోస్తారు. ఒకే ప్రభుత్వం, ఒకే రేపు. ఒక గదిలో రేపు చాలా దూరం, పక్క గదిలో చాలా దగ్గర. కారణాలు చెబుతారు, అవి చదవడానికి బాగానే ఉంటాయి. అన్ని కారణాలూ కలిసి ఒకేచోట కూర్చుంటే ఒకదాన్నొకటి గుర్తుపడతాయా అన్నదే నా సందేహం.

మనవాళ్ళ ఊసు ఒకటుంది. ఇక్కడి ఆస్పత్రుల్లో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక గుంటూరుకో వరంగల్లుకో తిరిగివెళ్ళే తెలుగు డాక్టర్లు ఉన్నారు. వారి ఉద్యోగ పింఛను ఎక్కడున్నా ధరలతోపాటు పెరుగుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వృద్ధాప్య పింఛను మాత్రం భారతదేశంలో అడుగుపెట్టిన క్షణం గడ్డకట్టి, ఆనాటి అంకె దగ్గరే ఉండిపోతుంది. అక్కడ తమరి అవసరమే లేదు. ఆ పింఛనును కోసే పని కిరాణా కొట్టువాడే చూసుకుంటాడు.

విన్నపం పెద్దది కాదు. పింఛను నివేదికల్లో మేము నిజాయితీగానే రాస్తాం, ఈ రేటు ఆర్థికశాఖ ఆదేశాల ప్రకారం వాడినదని. ఆ వాక్యం దాకా ఎవరూ చదవరు. పత్రికల్లోకి ఎక్కేసరికి అది "యాక్చువరీలు తేల్చారు" అయిపోతుంది. మేము తేల్చింది ఆవిడ ఎన్నేళ్ళు బతుకుతుందో, అదీ దశాంశాల్లో. దేశం ఎంత పెరుగుతుందో, రేపు ఎంత దూరమో తేల్చినవారు వేరే భవనంలో ఉంటారు, వారు ఎన్నికలకు నిలబడతారు. కనుక తమరు ఈసారి లావైనా, చిక్కినా, మా వెనక దాక్కోకుండా మంత్రిగారి చెయ్యి పట్టుకుని ముందు వరసలో ఫొటో దిగవలసిందిగా ప్రార్థన. మేము వెనక వరసలో, కాలిక్యులేటర్లతో, సంతోషంగా నిలబడతాం.

ఇట్లు,
తమరి విధేయ ట్రైనీ

తా.క. మా పరీక్షల పట్టికల పుస్తకంలో, జీవిత బీమా అంకెల పక్కన తమకు రెండే వేషాలు ఇచ్చారు. 4 శాతం, 6 శాతం. బయట మైనస్‌లోకి దిగి ఈదినవారు ఆ హాలులో మాత్రం ఎంత బుద్ధిమంతులు! ఏప్రిల్ పరీక్షకు దయచేసి 4గానే రండి. 6 దగ్గర నాకు చేతులు వణుకుతాయి.