రెండు మిల్లీమీటర్ల కోసం రూల్ బుక్ గారికి ఒక లేఖ

బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే మహారాజశ్రీ రోమన్ కాలపు యుద్ధాల ఆట రూల్ బుక్ గారికి,

నమస్కారాలు. ఉభయ కుశలోపరి. తమరు క్షేమమేనని నాకు బాగా తెలుసు, ఎందుకంటే మొన్న ఆదివారం మధ్యాహ్నమంతా నేను చూసింది తమ ముఖమే. నెలల తరబడి కళ్ళు పోయేలా రంగులేసుకున్న బొమ్మలు బల్ల మీద పాపం అలాగే నిలబడి ఉన్నాయి, వాటి వంక చూసే తీరిక ఎవరికి దొరికింది కనక.

ఇంగ్లండ్‌లో ఎండ కాసే ఆదివారం విలువ తమరికి నేను చెప్పక్కర్లేదు, తమ పుట్టుకా పెంపకమూ ఇక్కడివే కదా. అలాంటి ఒక ఆదివారాన్ని ఇంట్లో బతిమాలి తెచ్చుకుని, హాలుకి అద్దె కట్టి, ఆరడుగుల బల్ల మీద పచ్చ గుడ్డ పరిచి, థర్మోకోల్ కొండలు పేర్చి, నేనూ మా బావా కైనోసెఫలే యుద్ధం ఆడటం మొదలుపెట్టాం. క్రీ.పూ. 197. నేను రోమన్ సేనాని ఫ్లామినినస్, బావ మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్. థెస్సలీ కొండల్లో జరిగిన అసలు యుద్ధం పొగమంచులో, రెండు వైపులా ఎవరూ ఆ రోజు కొట్టుకోవాలని అనుకోకుండానే, కొండ మీద ఎదురుపడ్డ చిన్న దళాలతో మొదలై, ఆ రోజుకారోజే తేలిపోయింది. మాది హాలు తాళాలాయన వచ్చి గుమ్మంలో రెండు సార్లు దగ్గినా తేలలేదు.

పాత బాకీలు కొన్నున్నాయి, అవి గబగబా అనేస్తాను. కిందటి ఎడిషన్‌కీ దీనికీ మధ్య బొమ్మలు అంటించే పలకల, అంటే బేసుల, లోతు మార్చారు. సరే, చాకుతో గీకి, మళ్ళీ జిగురు పెట్టి, మళ్ళీ ఇసక చల్లుకున్నాం. రోమన్లకి కమిల్లన్, పొలీబియన్, మేరియన్, తొలి ఇంపీరియల్, మధ్య ఇంపీరియల్ అని తరానికో ఆర్మీ లిస్టు, అంటే సైన్యంలో ఏయే దళాలుండాలో చెప్పే జాబితా, ఇచ్చి, మౌర్యుల ముందు నుంచి గుప్తుల దాకా వెయ్యేళ్ళ భారతదేశాన్ని మాత్రం 'క్లాసికల్ ఇండియన్' అని ఒక్క పేజీలో కుక్కి, కొన్ని ఏనుగుల్ని చేతిలో పెట్టి పంపించారు. మధ్యలో మా శాతవాహనులు ఎక్కడున్నారని అడిగితే ఏనుగు వెనక వెతుక్కోమన్నట్టుంది తమ ధోరణి. సరే, అదీ సహించాం.

కార్తేజ్ సేనాని హానిబల్ రోమన్లని చిత్తుచేసిన కానే యుద్ధం గురించి ఒక్క మాట అనకుండా మాత్రం ఉండలేను. ముందుమాట మొదలెట్టాక హానిబల్ పేరు రావడానికి తమకి రెండు పేరాలు పట్టదు. గాల్స్‌నీ స్పెయిన్ వాళ్ళనీ మధ్యలో ఉబ్బెత్తుగా ముందుకి నిలబెట్టాడనీ, వాళ్ళు కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతుంటే రోమన్లు లోపలికి దూసుకొచ్చి చిక్కుకుపోయారనీ ఎంతో అందంగా వర్ణించారు. తీరా తమ రూల్స్‌తో ఆడి చూస్తే ఆ గాల్స్ మొదటి టర్న్‌లోనే చెప్పిన మాట వినకుండా ముందుకి ఉరుకుతారు, లేదంటే రెండో టర్న్‌లో చెల్లాచెదురైపోతారు. తగ్గమన్నప్పుడు తగ్గి, ఆగమన్నప్పుడు ఆగడం తమ పట్టికలో ఎక్కడా లేదు. అంటే తమరు ముందుమాటలో నెత్తిన పెట్టుకున్న యుద్ధాన్ని తమ పుస్తకం పట్టుకుని హానిబల్ కూడా గెలవలేడు. ఇక ఫార్సాలస్ యుద్ధంలో సీజర్ శత్రువుకి కనపడకుండా దాచిపెట్టిన ఆరు కోహోర్టులు (రోమన్ పటాలాలు) ఇద్దరి కళ్ళ ముందూ బల్ల మీదే నిలబడి ఉంటాయి కాబట్టి ఆ గొడవ నేను ఎత్తను.

నేను మాట్లాడాల్సింది కైనోసెఫలేలో ఒక ట్రిబ్యూన్, అంటే రోమన్ సైనికాధికారి, గురించి.

అసలు యుద్ధంలో ఆ రోజు ఫిలిప్ కుడి పక్షం గెలుస్తోంది. తను స్వయంగా నడిపిస్తూ ఫాలాంక్స్‌ని, అంటే పొడుగు బల్లేల వాళ్ళ కిక్కిరిసిన వ్యూహాన్ని, కొండ మీంచి కిందికి దించి, రోమన్ల ఎడమ పక్షాన్ని నెట్టుకుంటూ పోతున్నాడు. అతని ఎడమ పక్షం ఇంకా కొండెక్కుతూనే ఉంది, వరసలు కుదరలేదు. ఫ్లామినినస్ ఇక్కడ ఓడిపోతున్నానని చూసి అటు వెళ్ళి, ఏనుగుల్ని ముందు పెట్టి, ఆ కుదరని దళాల్ని తరిమేశాడు. రోమన్లంతా పారిపోతున్న వాళ్ళ వెంట పడ్డారు. అప్పుడు ఒక ట్రిబ్యూన్, పేరేమిటో ఆ యుద్ధం చరిత్ర రాసిన పొలీబియస్ కూడా రాయలేదు, అక్కడికక్కడ తనకి తోచింది చేశాడు. ఇరవై మానిపుల్స్‌ని, అంటే చిన్న రోమన్ దళాల్ని, వెంటపెట్టుకుని, గెలిచిన చోటు వదిలేసి, వెనక్కి తిరిగి, ఇంకా గెలుస్తున్న ఫిలిప్ ఫాలాంక్స్‌ని వీపు మీద కొట్టాడు. ఫాలాంక్స్‌కి ఎదురెళ్ళిన ఒక్కో రోమన్ పది సరిస్సా (ఫాలాంక్స్ వాళ్ళ పొడుగు బల్లెం) మొనల్ని ఎదుర్కోవాలని అదే పొలీబియస్ లెక్కగట్టాడు. ఆ పదీ ముందుకే చూస్తుంటాయి. ఆరు మీటర్ల బల్లెం పట్టుకుని, ముందూ వెనకా మనుషులు కిక్కిరిసిన పదహారు వరసల్లో ఇరుక్కున్నవాడు వెనక్కి తిరగలేడు. యుద్ధం అక్కడితో అయిపోయింది.

మా బల్ల మీద కూడా సరిగ్గా అక్కడిదాకా వచ్చాం. నా ఎడమ పక్షాన్ని బావ చితక్కొడుతున్నాడు, కుడి పక్కన నా ఏనుగులు పని ముగించాయి. నా ట్రిబ్యూన్ సైన్యాధిపతికి దూరంగా ఉన్నాడని తమరు డైస్ లెక్కలో ఒకటి తగ్గించారు, వెనక్కి తిరుగుతున్నాడని ఇంకొకటి తగ్గించారు, అయినా కమాండ్ రోల్, అంటే దళం కదలడానికి వేసే డైస్, కావలసినట్టు పడింది. పడింది! నేను కుర్చీలోంచి లేచాను. బొమ్మల్ని జాగ్రత్తగా తిప్పి, కొలిచి, ఫాలాంక్స్ వెనక్కి తెచ్చి ఆనించాను.

"బావా, కొంచెం ఆగు," అన్నాడు మా బావ, స్కేలు తీస్తూ.

వెనక నుంచి దాడి అనిపించుకోవాలంటే, కదలిక మొదలయ్యే సమయానికి నా దళం ముందు అంచు మొత్తం, శత్రువు వెనక అంచుని అటూ ఇటూ పొడిగిస్తే వచ్చే ఊహాగీతకి పూర్తిగా వెనక ఉండాలి. నా బేసు ఎడమ మూల ఆ గీత దాటి రెండు మిల్లీమీటర్లు ఇవతలికి ఉందట. స్కేలుతో చూస్తే ఉన్నట్టే ఉంది. దారం పట్టి చూస్తే లేనట్టే ఉంది. బావ లేజర్ తీశాడు. బల్ల మీద పడ్డ ఆ ఎర్ర గీత మందమే రెండు మిల్లీమీటర్లుంది, దాని కుడి అంచు చూడాలా ఎడమ అంచు చూడాలా అన్నదాని మీద ఇంకో అరగంట.

సరే, వెనక నుంచి కాదు, పక్క నుంచైనా ఒప్పుకోమన్నాను. పక్కకి వేరే పేరా ఉంది, అది 9.3 చూడమంది. 9.3లో 4.1 చూడమంది. 4.1లో "స్పష్టంగా కనిపించినప్పుడు" అని ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ కౌంటరు కాదు ఆ కౌంటరు అని తిప్పినట్టు తిప్పి, చివరికి ఫోన్లో తమ సందేహాల జవాబుల ఎఫ్ఏక్యూ పీడీఎఫ్ తెరిస్తే అందులో తేలిందేమిటయ్యా అంటే, వెనకా కాని, పక్కా కాని దాడిని ముందు నుంచి వచ్చిన దాడిగా పరిగణించవలెను. ముందు నుంచి! ఫాలాంక్స్ వీపుకి కత్తి ఆనించి నిలబడ్డ నా ఇరవై మానిపుల్స్ ఫాలాంక్స్‌కి ఎదురుగా ఉన్నట్టట. కాబట్టి బల్లేల బోనస్ మొత్తం బావకే. అంటే వాళ్ళు ఆ సరిస్సాల్ని ఎటు తిప్పి పొడుస్తున్నారో కాస్త బొమ్మ గీసి చూపిస్తారా, నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.

తమ స్కేలు ప్రకారమే లెక్క చూశాను. అంగుళానికి వంద అంగలు, అంటే సుమారు 75 మీటర్లు. రెండు మిల్లీమీటర్లంటే నేల మీద ఆరు మీటర్లు. ఒక్క సరిస్సా పొడవు. పొగమంచు పూర్తిగా విడిందో లేదో తెలియని కొండ మీద, అరుపుల్లో, శవాల మీంచి, వేలమంది తిరుగుతుంటే, చివరి మూలలో ఉన్నవాడు ఒక బల్లెం పొడుగు ముందుకి నిలబడ్డాడని తమరు నా యుద్ధాన్ని లాగేసుకున్నారు.

ఇద్దరం ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో ఆఖరి పేజీలో రాశారు. డైస్ వేసుకోమన్నారు. నాలుగు, ఆపైన పడితే నాది.

రెండు పడింది.

ఒరే, ఇంత లావు పుస్తకం రాసి, గీతలూ కోణాలూ పట్టికలూ పెట్టి, తప్పులు దిద్దడానికి ఇంకో పీడీఎఫ్ పెట్టి, చివరికి బొమ్మా బొరుసా వేసుకోమనడానికి నీకు సిగ్గులేదా? ఆ మాట మొదటి పేజీలోనే చెప్పి ఉంటే నేను మధ్యాహ్నం మూడింటికే ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి కదా. ఏ పేరా అడిగి తిరిగాడు ఆ ట్రిబ్యూన్? నీ భాషలో చెప్పాలంటే అతను చేసినవన్నీ తప్పులే. సైన్యాధిపతి పరిధి దాటాడు, తరుముతున్న దళాన్ని తరుముతుండగానే ఆపాడు, ఒకే టర్న్‌లో రెండుసార్లు తిరిగాడు. ఆ రోజు నువ్వు ఆ కొండ మీద ఉండుంటే అతన్ని వెనక్కి పంపి, ఫిలిప్‌ని గెలిపించి, పొలీబియస్ చేతిలో ఎఫ్ఏక్యూ పెట్టేవాడివి.

మీ పెద్దలకి ఈ జబ్బు ఎప్పుడో తెలుసు. 1824లో రైస్‌విట్జ్ అనే ఆఫీసర్ ప్రష్యన్ (జర్మన్) సైన్యానికి క్రీగ్‌స్పీల్ అనే యుద్ధపు ఆట ఇచ్చాడు, పట్టికలతో, డైసులతో, కొలతలతో. ఆఫీసర్లకి ఆ పట్టికల్లో వెతుక్కోవడంతోనే సరిపోతోందని, 1876లో ప్రష్యన్ జనరల్ వెర్డీ దు వెర్నువా వాటిని పక్కన పెట్టేసి, యుద్ధం చూసిన అంపైర్ ఒకడు ఏం జరుగుతుందో చెబితే చాలన్నాడు. నిజం యుద్ధాలు చేసినవాళ్ళు వదిలేసిన పట్టికల్ని, హాలుకి అద్దె కట్టుకుని ఆడే మాకు అంటగట్టావు.

కోపంలో ఏకవచనం దొర్లింది, మన్నించాలి. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి కూడా. అంతకు ముందు నా ఏనుగులు కొండెక్కుతున్న బావ ఎడమ దళాల మీద పడ్డప్పుడు, వరస కుదరని ఫాలాంక్స్‌కి బల్లేల బోనస్ లేదని తమరు రాసిన ఆ ఒక్క వాక్యం ఎంత పని చేసిందో చూడాల్సింది. బావ ఎన్ని డైసులేసినా నిలబెట్టలేకపోయాడు. అచ్చం పొలీబియస్ చెప్పినట్టే, కొండ అంచు దగ్గర, మొదటి దెబ్బకే. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. అది రాసినవాడికి ఫాలాంక్స్ అంటే ఏమిటో తెలుసు. ఆ చేత్తోనే ఊహాగీత ఎలా గీశారో నాకు అర్థం కావడం లేదు.

అందుకని తమరికి తెలియజేయునది ఏమనగా, తమ వెనక అట్ట లోపలి వైపు ఖాళీగా ఉన్న చోట పెన్నుతో ఒక రూల్ రాశాం. పెన్సిల్‌తో కాదు. ఆటకి ఒక్కసారి, ఒక్క దళం, సైన్యాధిపతిని అడక్కుండా, తనకి తోచిన వైపు తిరిగి తోచినవాణ్ణి కొట్టొచ్చు. స్కేలు, దారం, లేజర్ నిషేధం. కింద నేను సంతకం పెట్టాను. బావ కూడా పెట్టాడు, కాకపోతే ఆ రూల్ ఫిలిప్‌కి కూడా వర్తించాలని షరతు పెట్టాడు. ఫిలిప్ దగ్గర అలాంటివాడు ఒక్కడు లేడు బావా, అందుకే కదా ఓడిపోయాడు అన్నాను. ఉన్నాడేమో, పొలీబియస్ రోమన్ల పక్షం కాబట్టి రాయలేదేమో, నీకేం తెలుసు అన్నాడు. తాళాలాయన లైట్లు ఆర్పేసినా కారు పార్కింగ్‌లో ఇంకా అదే వాదన. తమరు అప్పటికే డిక్కీలో ఉన్నారు, ఎవరం తెరవలేదు.

ఇట్లు,
ఇరవై మానిపుల్స్ తరఫున