దుబాయి నాలుగు గంటలే... సోంపేట నుంచి ఎన్ని?

మ్యాపు మీద విశాఖపట్నం నుంచి దుబాయికి తిన్నగా గీత గీస్తే సుమారు 3,000 కిలోమీటర్లు. సింగపూర్‌కి గీసినా దాదాపు అంతే, ఓ వంద తక్కువ. వెల్డింగు, ఫిట్టింగు పనులకి శ్రీకాకుళం కుర్రాళ్లు వలసపోయే ఈ రెండు ఊళ్లకీ మనం ఇంచుమించు నట్టనడుమ ఉన్నామన్నమాట. విమానం గంటకి 850 కిలోమీటర్ల పైచిలుకు పోతుంది. ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా పాకడం కలుపుకున్నా ఎటైనా నాలుగు గంటల చిల్లర.

టికెట్ చూస్తే మాత్రం తికమక. రాత్రి పదింటికి బయల్దేరి నాలుగు గంటలు ఎగిరితే దుబాయిలో పన్నెండున్నరకి దిగినట్టుంటుంది, సింగపూర్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకి. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయి మనకంటే గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. పైగా చలికాలంలో బాగా ఎత్తున పడమటి గాలి జోరుగా వీస్తుంది. దుబాయి వెళ్లేటప్పటికంటే తిరిగొచ్చేటప్పుడు ప్రయాణం తొందరగా తెమిలేది అందుకే. (పోయేవాళ్లని గాలి కూడా వద్దంటోందని అమ్మలు అనుకుంటే కాదనలేం.)

అసలు తేడా ఆకాశంలో లేదు. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది, సోంపేట కుర్రాడు పొద్దున ఇల్లు కదిలితే అర్ధరాత్రి విమానానికి తాపీగా అందుకుంటాడు. అదే గల్ఫ్‌కి ఏజెంటు చౌకలో చూసి హైదరాబాద్ నుంచి టికెట్ తీశాడనుకోండి. పలాసలో రైలెక్కి రాత్రంతా ప్రయాణం, సికింద్రాబాద్‌లో దిగి తాళ్లతో బిగించిన అట్టపెట్టె మోసుకుంటూ శంషాబాద్, అక్కడ మూడు గంటల ముందే క్యూ. దూరం ఒకటే, కాలం మాత్రం ఒకటిన్నర రోజు.

అందుకే విశాఖ విమానాశ్రయానికి బదులుగా విజయనగరం జిల్లాలో తలపెట్టిన భోగాపురం విమానాశ్రయం అనగానే 3.8 కిలోమీటర్ల రన్‌వే గురించి గొప్పలు పోవడం నాకు అంతగా ఎక్కదు. 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగినప్పుడూ మన నాయకులకి రన్‌వే పొడవే ముద్దయింది. మూడు వేల కిలోమీటర్లకి చిన్న విమానమే చాలు, దానికి విశాఖలోని మూడు కిలోమీటర్ల రన్‌వే కూడా సరిపోతుంది. విశాఖలో ఇబ్బంది వేళలది. అది నేవీ స్థావరం, వాళ్ల పనులు పోగా మిగిలిన టైములోనే ప్రయాణికుల విమానాలు నడపాలి. భోగాపురం తీర్చాల్సింది ఆ కొరత. గల్ఫ్‌కి రోజూ నేరు విమానం, అదీ కూలివాడు కొనగల ధరలో ఉంటేనే పలాస నుంచి హైదరాబాద్ రైలు ఎక్కే పని తప్పుతుంది.

నేల మీది సంగతీ ఉంది. భోగాపురం జాతీయ రహదారిని ఆనుకునే ఉన్నా, రైల్లో వచ్చేవాడు విజయనగరంలో దిగి మళ్లీ బండి వెతుక్కోవాలి. గల్ఫ్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రీ అపరాత్రీ దిగుతాయి. ఆ వేళకి శ్రీకాకుళం కాంప్లెక్స్‌కి, అక్కణ్నుంచి ఇచ్ఛాపురం దాకా ఆర్టీసీ ఎన్ని బస్సులు వేస్తుందో ఏ నాయకుడూ ఇంతవరకూ చెప్పగా వినలేదు.