హంతకుడికి ఆస్తి రాదు, మరి బిడ్డ?

కేరళలోని కొల్లం జిల్లా పాము కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020 మే నెలలో అంచల్ అనే ఊళ్లో, పుట్టింట్లో నిద్రపోతున్న ఒక యువతి నాగుపాము కాటుతో చనిపోయింది. అంతకు రెండు నెలల ముందే అత్తగారింట్లో ఆమెను రక్తపింజర కరిచింది. ఆ కాటు నుంచి ఇంకా కోలుకుంటూ ఉండగానే ఇది రెండోది. పాముల్ని భర్తే డబ్బిచ్చి కొన్నాడనీ, ఆమె మీద కావాలనే వదిలాడనీ కోర్టులో రుజువైంది. 2021 అక్టోబరులో అతనికి రెండు జీవిత ఖైదులు పడ్డాయి. దర్యాప్తులో బొమ్మ మీద పాముతో కాటు వేయించి గాట్ల మధ్య దూరం కొలిచిన సంగతి కూడా వార్తల్లో బాగా నలిగింది.

అంతగా నలగని విషయం ఇంకోటి ఉంది. ఆ దంపతులకు ఏడాది బాబు. తల్లి పోయిన కొద్ది రోజులకే, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో ఆ పిల్లాడు తండ్రి ఇంటికి చేరాడు. నెల తిరక్కుండానే తండ్రి అరెస్టయ్యాక కమిటీ తన మాట మార్చుకుని, బాబును అమ్మమ్మ తాతయ్యలకు అప్పగించమంది. అప్పుడు కూడా పిల్లాడు వెంటనే చేతికి రాలేదు. పోలీసులు వెతకాల్సి వచ్చింది.

కమిటీని తిట్టడం తేలిక. కానీ ఆ ఉత్తర్వు రాసిన రోజున కాగితం మీద అతను నిందితుడు కాడు, భార్య పోయిన భర్త. పిల్లాడి మీద అతనికి చట్టం ఇచ్చిన హక్కు ఉంది. నా ఫిర్యాదు ఆ హక్కు గురించే.

1956లో పార్లమెంటు హిందువుల కుటుంబ వ్యవహారాల మీద వరసగా చట్టాలు చేసింది. వాటిలో వారసత్వ చట్టం 25వ సెక్షన్ సూటిగా చెబుతుంది: హత్య చేసినవాడికి, హత్యకు తోడ్పడినవాడికి చనిపోయిన మనిషి ఆస్తిలో వారసత్వం ఉండదు. అదే ఏడాది వచ్చిన మైనారిటీ (అంటే మైనరు పిల్లల), సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాత తల్లి. ఈ హోదా ఎవరికి పోతుందో కూడా అక్కడే రాశారు. మతం మారి హిందువు కాకుండా పోయినవాడికి పోతుంది. సంసారం వదిలి సన్యాసం పుచ్చుకున్నవాడికి పోతుంది. బిడ్డ తల్లిని చంపినవాడి ఊసు మాత్రం అందులో లేదు. కాషాయం కడితే పోయే హక్కు, హత్య చేస్తే దానంతట అది పోదన్నమాట.

నిజమే, అదే సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే అన్నిటికంటే ముఖ్యమంటుంది. 1890 నాటి సంరక్షకుల చట్టం 17వ సెక్షన్ కూడా సంరక్షకుడిగా ఉండాలనుకునేవాడి నడవడిక చూడమంటుంది. కాబట్టి కోర్టు చేతులేమీ కట్టేసి లేవు. అయితే ఆస్తి విషయంలో చట్టమే హంతకుడికి అడ్డం నిలబడుతుంది. బిడ్డ విషయంలో కోర్టు మెట్లెక్కి నిరూపించే బరువంతా కూతురు పోయిన తల్లిదండ్రుల మీద పడుతుంది. ఎందుకంటే అదే 1890 చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తండ్రి బతికుంటే, అతను తగడని కోర్టు అనుకుంటే తప్ప మరొకరిని సంరక్షకుడిగా నియమించే వీల్లేదు. ఒక పక్క క్రిమినల్ కోర్టులో సాక్షులుగా నిలబడుతూ, ఇంకో పక్క ఫ్యామిలీ కోర్టులో వాళ్లే పిటిషనర్లుగా తిరగాలి.

ఇందులో వరకట్న మరణాల సంగతి విడిగా చూడాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలో 2022లో దేశవ్యాప్తంగా 6,400కి పైగా వరకట్న మరణాల కేసులు నమోదయ్యాయి. చట్టం లెక్కలో వరకట్న మరణం అంటే పెళ్లయిన ఏడేళ్లలోపు జరిగినది. పాత శిక్షాస్మృతిలో 304బి, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. ఆ నిర్వచనం ప్రకారమే ఆలోచించండి: ఇలా తల్లి పోయిన పిల్లల వయసు దాదాపుగా ఏడేళ్లలోపే ఉంటుంది. బిడ్డకు తెలివిగా ఇష్టం చెప్పే వయసుంటే ఆ మాట వినవచ్చని 1890 చట్టం 17వ సెక్షన్ అంటుంది గానీ, చంకలో ఉన్న పిల్లకు ఆ సదుపాయం ఎక్కడిది?

పైగా ఆ పసిబిడ్డ వెంట ఆస్తి నడుస్తుంది. వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్‌కు 1986లో చేర్చిన మాట ప్రకారం, పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజంగా చనిపోయిన స్త్రీకి ఇచ్చిన కట్నం, ఆమెకు పిల్లలు లేకపోతే తల్లిదండ్రులకు వెళ్లాలి. పిల్లలుంటే వాళ్లకు చెందాలి, వాళ్లకు చేరేదాకా వాళ్ల కోసం భద్రంగా ఉంచాలి. ఉద్దేశం మంచిదే. కాని రెండేళ్ల పిల్ల బంగారం ఎవరి బీరువాలో ఉంటుంది? పిల్ల ఎవరింట్లో ఉంటే వాళ్ల బీరువాలో. కొల్లం కేసులో పుట్టింటివాళ్లు పెట్టింది దాదాపు వంద సవర్ల బంగారం, కారు, నగదు. బిడ్డ కోసం పోరాటంలో ప్రేమ ఎంత, మిగతా లెక్క ఎంత అని విడదీసి చెప్పడం ఏ జడ్జికైనా కష్టమే.

మన ఊళ్లలో ఈ లెక్క ఇంకా బాహాటంగానే జరుగుతుంది. కూతురు పోయిన పదకొండో రోజు దాటకముందే పెద్దమనుషులు కూర్చుంటారు. "పోయిన పిల్ల ఎలాగూ తిరిగి రాదు, ఉన్న పసిదాని గతి చూడండి" అనే మాట దగ్గర మొదలవుతుంది. పిల్ల పేరు మీద రెండెకరాలు రాయిస్తారు, లేదా బ్యాంకులో కొంత సొమ్ము వేయిస్తారు. బదులుగా పుట్టింటివాళ్లు కోర్టులో గట్టిగా చెప్పకూడదు. వరకట్న మరణం రాజీకి వీలున్న నేరం కాదని అందరికీ తెలుసు. అందుకే రాజీ కాగితం మీద ఉండదు. సాక్షులు ఎదురు తిరుగుతారు, అంతే. బిడ్డను చూపించో, దాచో సాగే ఈ బేరంలో కస్టడీ హత్య కేసుకు తోకలా వచ్చే సివిల్ గొడవ కాదు. హత్య కేసు నిలుస్తుందో పడుతుందో తేల్చేది చాలాసార్లు అదే.

ఇంట్లో జరిగిన హత్యకు ఒక్కోసారి ఆ బిడ్డే ప్రత్యక్ష సాక్షి. ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే చాలు, ఎంత చిన్నపిల్ల అయినా సాక్ష్యం చెప్పొచ్చని మన సాక్ష్య చట్టం ఎప్పటినుంచో ఒప్పుకుంటోంది. ఆ పిల్ల నిందితుడి ఇంట్లో పెరుగుతూ రెండేళ్ల తర్వాత బోనెక్కితే ఏం చెబుతుంది? పుట్టింట్లో పెరిగినా నేర్పించి పంపారనే వాదన రాకపోదు. కాబట్టి ఇలాంటి పిల్లల వాంగ్మూలాన్ని మొదటి రోజుల్లోనే మేజిస్ట్రేట్ దగ్గర నమోదు చేయించడం రెండు పక్షాలకూ న్యాయం.

సుప్రీంకోర్టు ఈ విషయంలో దారి చూపకపోలేదు. 1992లో, తల్లి అసహజంగా చనిపోయి తండ్రి మీద 498ఎ (భార్యను వేధించిన నేరం) కేసు నడుస్తున్న సందర్భంలో, పిల్లలతో మాట్లాడి వాళ్లను మేనమామకే అప్పగించింది. 2008లో కింది కోర్టు, కలకత్తా హైకోర్టు రెండూ తండ్రికి ఇచ్చిన పిల్లాణ్ని, ఆ తీర్పుల్ని కొట్టేసి అమ్మమ్మ తాతయ్యల దగ్గరే ఉంచింది. భార్య మరణానికి సంబంధించిన కేసు తండ్రి మీద పెండింగులో ఉంటే దాన్ని పక్కన పెట్టి నడవడిక ఎలా తూస్తారని కింది కోర్టుల్ని తప్పుపట్టింది. మంచి తీర్పు. కానీ దాని కోసం ఒక ముసలి జంట ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది. అందరికీ ఆ ఓపిక, ఆ డబ్బు ఉంటాయా?

నేరం రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే కదా అనే వాదన కొట్టిపారేసేది కాదు. కోపంలో పెట్టిన కేసులుంటాయి, ఇంటిల్లిపాదినీ ఇరికించిన ఫిర్యాదులూ ఉంటాయి. అయితే ఆ సూత్రం మనిషిని జైల్లో పెట్టడానికి సంబంధించింది. బిడ్డను ఎవరి దగ్గర ఉంచాలనేది శిక్ష కాదు. బెయిలు వచ్చింది కాబట్టి బిడ్డనూ ఇవ్వాలనడం రెండు వేరు తూకాల్ని కలిపేయడమే.

నిందితురాలు తల్లి అయినప్పుడు కూడా నా మాట ఇదే. 2025 మార్చిలో మీరట్‌లో భర్తను చంపి డ్రమ్ములో సిమెంటు పోసిన కేసు బయటపడ్డాక నీలం డ్రమ్ము మీద జోకులు, రీల్సు వెల్లువెత్తాయి. ఆ ఇంటి చిన్నపిల్ల గురించి ఎంతమంది అడిగారు? జైల్లో ఉన్న తల్లి దగ్గర బిడ్డ ఆరేళ్లదాకా ఉండొచ్చని, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న కేసులోనే 2006లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. అవి జైలు పిల్లలందరి కోసం రాసినవి. చనిపోయింది ఆ బిడ్డ తండ్రే అయినప్పుడు ఏం చేయాలనేది వేరే ప్రశ్న.

బ్రిటన్ 2024లో ఒక చట్టం తెచ్చింది. జేడ్స్ లా అంటారు. బిడ్డ తల్లినో తండ్రినో చంపిన నేరం రుజువై శిక్ష పడితే, ఆ హత్య చేసిన రెండో వారి పెంపకపు హక్కులు వాటంతట అవే నిలిచిపోతాయి. ఇటలీ 2018లోనే ఇలాంటి పిల్లలకు ఉచిత న్యాయ సహాయం, నిందితుడి ఆస్తి జప్తు లాంటి రక్షణలు కల్పించింది. అయితే బ్రిటన్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనకు పెద్దగా ఉపయోగం ఉండదు. అక్కడ హక్కు ఆగేది శిక్ష పడ్డాక. ఇక్కడ శిక్ష పడేసరికి బిడ్డ హైస్కూలుకు వస్తుంది.

మనకు కావాల్సింది ఛార్జిషీటు దశలోనే పనిచేసే నియమం. హత్య, వరకట్న మరణం కేసుల్లో అభియోగపత్రం దాఖలైన రోజు నుంచి సహజ సంరక్షకుడి హోదా ఆగిపోవాలి, నిర్దోషిగా తేలితే తిరిగి రావాలి. ఛార్జిషీటు రాకముందు కూడా, కొల్లంలో జరిగినట్టు కాకుండా, మరణం మీద అనుమానపు ఫిర్యాదు ఉంటే బాలల సంక్షేమ కమిటీ పోలీసుల నివేదిక చూడకుండా బిడ్డను ఎవరికీ పంపకూడదు. బంగారం, పొలం, బ్యాంకు సొమ్ము కోర్టు పేరున డిపాజిట్ కావాలి. బిడ్డ ఎటు ఉన్నా డబ్బు అటు వెళ్లదని తెలిస్తే సగం పిటిషన్లు వేయకముందే ఆగిపోతాయి. నేరంలో చెయ్యి లేని నాయనమ్మకు మనవణ్ని చూసే రోజులుండాలి, ఇంకొకరి సమక్షంలోనే అయినా సరే. వీటిలో డిపాజిట్, చూసే రోజులు ఫ్యామిలీ కోర్టులు ఇవాళే మధ్యంతర ఉత్తర్వుల్లో రాయగలవు. సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ మార్చాల్సింది మాత్రం పార్లమెంటే.