మూడు రోజుల్లో పరిశోధకులు తయార్

సర్వైకల్ (గర్భాశయ ముఖద్వార) క్యాన్సర్‌పై పరిశోధకులను తయారుచేయడానికి ఏళ్లూ పూళ్లూ అక్కర్లేదు, మూడు రోజుల శిక్షణ చాలు. మొదటి పూట జ్యోతి ప్రజ్వలనకూ శాలువాలకూ పోతుంది. దాన్ని వృథా అనకండి, ఆ మూడు రోజుల్లో జరిగే ప్రాక్టికల్ అదొక్కటే.

తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి పెట్టిన 90-70-90 లక్ష్యాన్ని తెర మీద వేయాలి. మొదటి 90 శాతం టీకా పడాల్సిన బాలికలది, చివరి 90 చికిత్స అందాల్సినవారిది. మధ్యలోని 70 శాతం, పరీక్ష చేయించుకోవాల్సిన మహిళలది. మన దేశంలో 30-49 ఏళ్లవారిలో ఒక్కసారైనా చేయించుకున్నది 1.9 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఈ స్లయిడు మాత్రం భోజనాలయ్యాక వేయండి.

ఇక వీఐఏ పరీక్ష, అంటే ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, తెల్లబడే మచ్చ కోసం కంటితో చూడటం. 95 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లలో 5 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం పోస్తే ద్రావణం సిద్ధం. నీళ్లు కలపడం మరిచారో, ముఖద్వారం కాలుతుంది. దూదితో అద్దాక నిండా ఒక నిమిషం ఆగి చూడాలి. చిక్కంతా ఇక్కడే. మన షెడ్యూల్లో ఆ నిమిషానికి చోటు లేదు. ఇరవై సెకన్లకే తొంగి చూస్తే తెలుపు సరిగ్గా తేలదు, నెగటివ్ అని రాసేసి తర్వాతి మనిషిని పిలవొచ్చు. టార్చి బ్యాటరీ నీరసించి పసుపు వెలుగిస్తే అసలు మచ్చేదో, అంటుకున్న జిగురేదో పోల్చుకోలేం. మెనోపాజ్ దాటినవారిలో రెండు రకాల పొరలు కలిసే గీత లోపలికి జరిగిపోతుంది. చూడాల్సిన మచ్చ పుట్టేది ఆ గీత దగ్గరే. ‘గీత కనబడలేదు’ అనే గడి మాత్రం ఫారంలో పెట్టకండి. పెడితే నింపాల్సి వస్తుంది.

సమ్మతి పత్రాలకు మనకు ఖమ్మం ఆదర్శం ఉండనే ఉంది. 2009లో అక్కడ మొదలైన హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్) టీకాను బాలికలకు వేసే ప్రాజెక్టులో, నాటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తేల్చింది. (టీకా మంచిదే. చెడ్డది సంతకం.) తప్పేముందండీ? అమ్మానాన్నలు ఊళ్లో ఉంటారు, వార్డెను పక్క గదిలోనే!

పాజిటివ్ వచ్చిన మహిళను మళ్లీ వెతికే పద్ధతి సిలబస్‌లో లేదు. ఫోన్ నంబరు గడిలో ఆశా కార్యకర్త నంబరే ఉంటుంది, నలభై మందికీ అదే. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఈ ముప్పు ఆరు రెట్లు కదా అని ఎవరైనా లేచి అడిగితే, అది వేరే డిపార్ట్‌మెంటని కూర్చోబెట్టండి.

మూడో రోజు పోస్ట్ టెస్టు. ప్రశ్నలు ప్రీ టెస్టువే, జవాబులు టీ విరామంలో చెప్పేసినవే. మార్కులు పెరిగినట్టు గ్రాఫు గీసి, నిధులు సక్రమంగా ఖర్చయ్యాయనే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌తో కలిపి పైకి పంపండి.