చిటికెడు శాస్త్రం, గరిటెడు ధైర్యం

ముఖానికి రాసుకునే సీరం ఇంట్లోనే తయారుచేసుకునేవాళ్ళను ఈమధ్య కొందరు చులకన చేస్తున్నారు. ఇది అన్యాయం. డిగ్రీ లేదు, తెల్లకోటు లేదు, తూకం యంత్రం అసలే లేదు. ఒక గిన్నె, ఒక చెంచా, కడిగీ కడగని ఒక డ్రాపర్ సీసాతో చర్మశాస్త్రాన్ని తిరగరాస్తున్న వీళ్ళకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదు.

ముందు కొలతల సంగతి. విటమిన్ సి సీరంలో ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే ఆ విటమిన్ సియే, 10 నుంచి 20 శాతం దాకా ఉండొచ్చని, అది దాటితే లాభం పెరగదు, మంటే పెరుగుతుందని తెలిసినవాళ్ళు చెబుతారు. 30 మిల్లీలీటర్ల సీసాకు 10 శాతమంటే 3 గ్రాములు. వంటింట్లో దీన్నే 'చిటికెడు' అంటారు. ఎవరి చిటికె అని అడక్కూడదు. పైగా ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్ 3.5 లోపు ఉంటేనే ఆ ఆమ్లం చర్మంలోకి సరిగ్గా దిగుతుందట. పీహెచ్ చూసే కాగితాలు దొరుకుతాయి గానీ, నాలుక ఉన్నవాళ్ళకు కాగితంతో పనేమిటి?

ఇంత గొడవ ఎందుకని కొందరు నేరుగా నిమ్మకాయ పిండేస్తారు. చర్మం పీహెచ్ సుమారు 5, నిమ్మరసానిది 2 చిల్లర. ఒక్కో అంకె తగ్గితే ఆమ్లత పదింతలు అవుతుంది కాబట్టి, ఇది చర్మం కంటే కొన్ని వందల రెట్లు ఘాటు. రాసుకుని ఎండలోకి వెళ్తే, నిమ్మలో ఉండే ఫ్యూరనోకౌమరిన్లనే రసాయనాలు ఆ వెలుగుతో కలిసి బొబ్బలెక్కించగలవు, నల్లమచ్చలు మిగల్చగలవు. మచ్చలు పోవడానికే కదా రాసుకున్నది అంటారా? పాతవి కనపడకుండా పోతాయిగా!

అయినా ఈ శాస్త్రంలో ఓటమికి తావే లేదు. మండితే సీరం పనిచేస్తున్నట్టు. మండకపోతే నెమ్మదిగా పనిచేస్తున్నట్టు. మొటిమలు లేస్తే లోపలి మలినం బయటికొస్తున్నట్టు. సీరం రంగు మారి టీ డికాక్షన్‌లా తేలితే, గాలీ వెలుతురూ తగిలి విటమిన్ సి పాడైందని చాదస్తులు అంటారు. మనవాళ్ళు 'పాకానికొచ్చింది' అంటారు. ఏం జరిగినా నిజమని తేలే సిద్ధాంతం భౌతికశాస్త్రంలో కూడా లేదు.

ఇక సరుకు పాడవకుండా కాపాడే ప్రిజర్వేటివ్‌లు. వాటిని దగ్గరికి రానివ్వకూడదన్నది మొదటి నియమం. బ్యాక్టీరియాదీ, బూజుదీ కూడా అదే అభిప్రాయం. కలబంద గుజ్జులో దాదాపు అంతా నీళ్ళే. నీళ్ళున్న చోటికి వాటిని ఎవరూ పిలవనక్కర్లేదు. సీసా తేటగా కనిపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉంటాం. మిల్లీలీటరుకు లక్ష బ్యాక్టీరియా చేరినా నీళ్ళు తేటగానే ఉంటాయి, అంత మర్యాదస్తులు. కొందరు ముందుజాగ్రత్తగా విటమిన్ ఇ క్యాప్సూల్ ఒకటి చిదుముతారు. అది నూనె కమటు వాసన రాకుండా ఆపుతుంది. బ్యాక్టీరియాను మాత్రం పల్లెత్తు మాట అనదు. ఫ్రిజ్‌లో పెడితే చావవు, కాస్త బద్ధకిస్తాయంతే.

ఫ్యాక్టరీలవాళ్ళ అపనమ్మకం చూడండి. తమ సీరంలో తామే బ్యాక్టీరియా, శిలీంధ్రాలు కలిపి, అవి చస్తున్నాయా లేదా అని 28 రోజులు కనిపెట్టుకుని కూర్చుంటారు. చేసిన సరుకు మీద ఆమాత్రం ప్రేమ లేనివాళ్ళు మన చర్మాన్ని ఏం ప్రేమిస్తారు?

'సహజం' అన్న మాట గురించి ఎక్కువ చెప్పను. దురదగొండి కూడా తీగకే కాస్తుంది.

నిజానికి ఇంట్లో భయం లేకుండా చేసుకోదగ్గది ఒకటుంది: నీటిచుక్క తగలని ఉత్త నూనె. హోహోబా (జొజోబా) నూనెనో, స్క్వాలేన్ నూనెనో పొడి సీసాలో పోసుకుని, ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒకటి రెండు రోజులు చూసుకుని, ఆపైన రెండు చుక్కలు ముఖానికి పట్టిస్తే చాలు. అందులో బ్యాక్టీరియా పెరగదు. కానీ కలపడానికేమీ లేదు, చిలకడానికేమీ లేదు, చూపించుకోవడానికి అసలే లేదు. అందుకే ఎవరూ చేయరు.

చేసిన సీరం ఒక్క సీసాతో ఆగదు, బంధువులకూ పంచుతారు. మూత మీద తయారీ తేదీ ఉండదు, గడువు తేదీ ఉండదు, 'ప్రేమతో' అని మాత్రం ఉంటుంది. వారం తర్వాత ఫోన్ వస్తుంది: "వదినా, సీరం ఎలా పనిచేస్తోంది?" "అబ్బో, చాలా బాగుంది." ఈ రంగంలో జరిగే క్లినికల్ ట్రయల్ ఇదొక్కటే, ఇంతవరకూ ప్రతికూల ఫలితం ఒక్కటీ నమోదు కాలేదు.