మేనేజర్ జవాబు కమిటీకి మాత్రమేనా?
క్లబ్ మేనేజర్ కమిటీ చెప్పినట్టు నడుచుకుంటే చాలు, అంతకుమించి ఆలోచించడం అతని పని కాదని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఎన్నికలతో కమిటీలు మారిపోతాయి, బిల్లుల మీద సంతకం మాత్రం మేనేజర్‌దే. అనంతపురంలో మా మామ సభ్యుడిగా ఉన్న ఒక క్లబ్‌లో క్యాంటీన్ సరుకులన్నీ కార్యదర్శి బంధువు దుకాణం నుంచే వచ్చేవి. మేనేజర్ వేరే దుకాణాల్లో రేట్లు రాయించుకొచ్చి కమిటీ ముందు పెట్టాడు. ఉద్యోగం పోయినంత పనైంది, అయినా వెనక్కి తగ్గలేదు. అలాంటి మనిషంటే నాకు గౌరవం. ఇక పేకాట సంగతి ఇంకా పెద్దది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే. కానీ పందెం కట్టి ఆడే ఆట మీద క్లబ్ లాభం చేసుకుంటే నేరం కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో మాట మన క్లబ్బుల్లో ఎవరూ ఎత్తరు. కుర్చీకీ, ముక్కలకీ మామూలు రుసుము తీసుకోవడం వేరు, గెలిచిన డబ్బులో కమీషన్ తీసుకోవడం వేరు. కమిటీ రెండోది చేయమంటే మేనేజర్ తలూపాలా? రైడ్ జరిగితే ముందు దొరికేది కౌంటర్‌లో కూర్చున్న అతనే. కుదరదని కాగితం మీద రాసిచ్చి, దాన్ని కమిటీ సమావేశాల వివరాలు రాసే మినిట్స్ పుస్తకంలో ఎక్కించమని గట్టిగా అడగాలి.